జోడు ధ్వనులకు ఒకే కాడి: కంప్రెసరు యంత్రముల చరిత్ర

మనుష్యుని చెవి అందుకొనగల ధ్వనుల పరిధి మిక్కిలి విశాలమైనది. వినీ వినబడని చప్పుడు మొదలు చెవికి నొప్పి పుట్టించు మోత వరకు గల దూరము సుమారు 120 డెసిబెల్లు. అనగా ఆ మోతలోని శక్తి ఆ చప్పుడులోని శక్తికి లక్ష కోట్ల రెట్లు. పెద్ద వాద్యబృందము ఒకటి కచేరి చేయునప్పుడు దాని అతి మెల్లని స్వరమునకును, అతి బిగ్గరయైన స్వరమునకును నడుమ దాదాపు 70 డెసిబెల్ల భేదముండవచ్చును. ఇదియును కోటి రెట్లతో సమానమే. ఈ సంగీతమును రేడియో ద్వారా పంపవలెనన్నను, గ్రామఫోను రికార్డు గాడిలో చెక్కవలెనన్నను అంత పరిధి అందులో ఇమడదు. క్రిందివైపున గరగర ధ్వని మెల్లని స్వరములను మ్రింగివేయును. పైవైపున యంత్రపు హద్దు బిగ్గర స్వరములను విరుగగొట్టును. ఆ రెంటి నడుమ పాతకాలపు రేడియో ప్రసారమునకు మిగిలినది సుమారు 40 డెసిబెల్లు మాత్రమే. ఏడు మూరల వస్త్రమును నాలుగు మూరల బల్లపై పరచవలెనన్నచో ఎక్కడనో ఒకచోట మడత వేయక తప్పదు. ధ్వనికి అట్టి మడత వేయు యంత్రమునకే కంప్రెసరు అని పేరు.

ఒంటి ధ్వనికి మడత వేయుట ఒక విద్య. ఎడమ, కుడి అను రెండు ధ్వనులు జంటగా నడచు స్టీరియో సంగీతమునకు మడత వేయుట మరియొక విద్య. మొదటిదానిని ఇంజనీర్లు 1930 దశకములోనే సాధించిరి. రెండవది కుదురుటకు మరి నలువది సంవత్సరములు పట్టినది. ఆ ఆలస్యమునకు కారణమేమో తెలిసినచో ఈనాడు స్టూడియోలలో ఆ యంత్రపు బొత్తాములను ఏల అట్లు త్రిప్పుదురో కూడ తెలియును.

1920 దశకమున రేడియో నిలయములు వెలసిన తొలినాళ్లలో ఈ పని చేసినది యంత్రము కాదు, మనుష్యుని చేయి. కంట్రోలు గదిలో ఇంజనీరు ఒక చేతితో స్వరలిపి పుటలు త్రిప్పుచు, రెండవ చేతిని ధ్వని బొత్తాముపై ఉంచి కూర్చుండెడివాడు. పెద్ద మోత రాబోవుచున్నదని లిపిలో కనబడగానే కొంచెము ముందుగనే ధ్వనిని మెల్లగా దించుకొనుచు వచ్చెడివాడు. శ్రోతకు ఆ దింపుడు తెలియదు, మోత మాత్రము మోతగానే వినబడును. సంగీతము తెలిసిన చేతిని మించిన కంప్రెసరు నేటికిని లేదని నా అభిప్రాయము. ఏలయనగా చేతికి రాబోవునది తెలియును. వాల్వులతోను, ట్రాన్సిస్టరులతోను చేసిన యంత్రమునకు వచ్చినది మాత్రమే తెలియును. అయితే చేతికి ఒక లోపము గలదు. ఎంత చురుకైన మనుష్యుడైనను అనుకోనిదానిని విని చేయి కదుపుటకు సెకనులో అయిదవ వంతు పట్టును. అంతలో మృదంగముపై దెబ్బ పడుటయు, ఆగుటయు రెండును జరిగిపోవును.

యంత్రమునకు ఈ విద్య నేర్పినది ప్రసార నిలయము కాదు, ఇంటిలోని రేడియో పెట్టె. దగ్గరి నిలయము చెవులు చిల్లులు పడునట్లు పలుకుటయు, దూరపు నిలయము రాత్రివేళ హెచ్చుచు తగ్గుచు ఉండుటయు ఆనాటి శ్రోతలకు పెద్ద బాధ. అమెరికాలో హెరాల్డ్ వీలర్ అను యువకుడు 1926 ప్రాంతమున దీనికొక ఉపాయము కనిపెట్టెను. వచ్చిన తరంగమునుండి కొంత తీసి, దానిని ఏకముఖ విద్యుత్తుగా మార్చి, ఆ వోల్టేజినే వెనుకకు వాల్వుల గ్రిడ్లపైకి పంపెను. తరంగము బలిసినకొలది గ్రిడ్డు మరింత ఋణాత్మకమై వాల్వు పలుకుబడిని తగ్గించును. అయితే మామూలు వాల్వును ఇట్లు అణచినచో అది మెల్లగా లొంగదు. కొంతవరకు మొండికెత్తి, పిదప ఒక్కసారిగా మూగవోవును. 1930లో స్టూవర్ట్ బాలంటైన్, స్నో అనువారలు గ్రిడ్డు తీగను ఒకచోట దగ్గరగాను, ఒకచోట ఎడముగాను చుట్టిన వాల్వును వర్ణించిరి. వెదురు తడికలో సందులన్నియు సమానముగా నున్నచో తడిక బిగించగానే నీరంతయు ఒక్కసారి నిలిచిపోవును. సందులు హెచ్చుతగ్గులుగా నున్నచో సన్ననివి ముందు, వెడల్పైనవి తరువాత మూసికొనును. ఈ కొత్త వాల్వు కూడ అట్లే క్రమక్రమముగా లొంగెను. రేడియో పెట్టె కొరకు పుట్టిన ఆ వాల్వే తరువాత ముప్పది యేండ్లపాటు సంగీతపు కంప్రెసర్లకు గుండెకాయ అయినది.

టెలిఫోను ఇంజనీర్లు ఈ లోపల వేరొక దారిని వచ్చిరి. 1927లో న్యూయార్కు, లండను నగరముల మధ్య రేడియో టెలిఫోను ఆరంభమైనది. సముద్రముపై ఉరుముల గరగరలో మాటలు మునిగిపోవుచుండగా, పంపువైపున మాట పరిధిని సగమునకు కుదించి, వినువైపున తిరిగి రెండింతలు చేయు పరికరమును కల్పించిరి. మేథిస్, రైట్ అనువారలు 1934లో దీనిని ప్రకటించిరి. కుదించుట, విప్పుట అను రెండు ఇంగ్లీషు మాటలను అతికి దీనికి కంపాండరు అని పేరు పెట్టిరి.

ఇక 1937లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి 110-ఎ అను యంత్రము రేడియో నిలయములలో ప్రవేశించెను. ప్రసారిణి తన హద్దును దాటినచో ధ్వని విరుగుటే కాక ప్రక్క నిలయములకు కూడ ఇబ్బంది కలుగును. కావున ఎన్నడో ఒకసారి వచ్చు శిఖరమునకు భయపడి కార్యక్రమమంతటిని తక్కువ ధ్వనిలో నడపవలసి వచ్చెడిది. శిఖరములను యంత్రము కనిపెట్టుచుండినచో మిగిలినదంతయు పెంచవచ్చును. 3 డెసిబెల్లు పెంచిన చాలును, ప్రసారిణి శక్తిని రెండింతలు చేసినట్లే. కొత్త ప్రసారిణి కొనుటకంటె ఒక పెట్టె కొనుట చౌక. ఈ యంత్రములు త్వరగా వ్యాపించుటకు కళకంటె ఈ లెక్కయే హెచ్చు కారణమని తోచును.

ఇక్కడ యంత్రపు లోపలి పనిని కొంచెము నిదానముగా చూతము. ధ్వనిని కొలిచి వచ్చిన వోల్టేజి ఒక కండెన్సరులో నిండును. అది నిండుటకు పట్టు కాలమే యంత్రము అందుకొను కాలము. నిండిన విద్యుత్తు ఒక నిరోధము గుండా మెల్లగా కారిపోవును. ఆ కారుటకు పట్టు కాలమే యంత్రము విడుచు కాలము. నేటి స్టూడియోలలో ఎటాక్, రిలీజ్ అను పేర్లతో కనబడు రెండు బొత్తాములకు మూలము ఈ కండెన్సరు, ఈ నిరోధమే. విడుచు కాలము మరీ తక్కువైనచో ఏమగునో వీణ కచేరిలో పరీక్షింపవచ్చును. తంత్రి మీటినప్పుడు యంత్రము అణచును. స్వరము సన్నగిల్లగానే విడుచును. వెంటనే వెనుకనున్న తంబుర శ్రుతియు, గదిలోని గాలియు ఉప్పొంగి వచ్చును. మీటినకొలది ఈ ఉబ్బుట, తగ్గుట ఆయాసపడువాని ఊపిరివలె వినబడును. మరీ ఎక్కువైనచో ఒక దెబ్బకు అణగిన ధ్వని తరువాతి నాలుగు స్వరములను కూడ మింగి గాని పైకి లేవదు. ఈ రెంటి నడుమ మార్గము వెదకుటయే కంప్రెసరు చరిత్రలో సగము.

మరియొక చిక్కు కూడ నుండెను. నియంత్రణ వోల్టేజి హఠాత్తుగా మారునప్పుడు ఆ మార్పే ‘దబ్’ మని ధ్వనిగా వెలువడును. దీనికి విరుగుడుగా వాల్వులను జతగా ఎదురెదురుగా నిలిపిరి. సంగీతము ఒక వాల్వులో పైకి పోవునపుడు రెండవదానిలో క్రిందికి పోవును. నియంత్రణ వోల్టేజి మాత్రము రెంటిని ఒకే దిక్కునకు నెట్టును. చివర ట్రాన్స్‌ఫార్మరులో ఒకదానినుండి మరియొకటి తీసివేయగా ‘దబ్’ మను చప్పుడు పోయి సంగీతము మిగులును. ఇది జరుగుటకు రెండు వాల్వులును అచ్చముగా ఒకే తీరున ఉండవలెను. ఈ షరతును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. స్టీరియోతో ఇది మరింత కఠినమై తిరిగి వచ్చును.

ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజనీరు ఎలన్ బ్లమ్లైన్ 1931 డిసెంబరులోనే రెండు మార్గముల ధ్వనికి పేటెంటు దరఖాస్తు పెట్టెను. ఒకే గాడి యొక్క రెండు గోడలపై రెండు ధ్వనులను చెక్కు పద్ధతి కూడ అందులో గలదు. 1942లో రాడారు పరీక్షించుచున్న విమానము కూలి ఆయన మరణించెను; తన ఊహ ఇంటింట వినబడుటను చూడలేదు. గాడి గోడలు రెండును 45 డిగ్రీల వంపులో నుండు వెస్ట్రెక్స్ పద్ధతి 1957లో ప్రదర్శింపబడి, 1958 నాటికి స్టీరియో రికార్డులు దుకాణములకు వచ్చినవి.

అప్పుడు పాత కంప్రెసర్లను రెండు తెచ్చి ఎడమకొకటి, కుడికొకటి తగిలించిన చాలునని తోచును. కాని చాలదు. రెండు లౌడ్ స్పీకర్ల నడుమ గాయని నిలిచి పాడుచున్నట్లు మనకు తోచుటకు కారణము ఆమె గొంతు రెండింటినుండి సమానముగా వచ్చుటయే. డోలు ఎడమ ప్రక్కన నున్నదనుకొందము. డోలుపై దెబ్బ పడగానే ఎడమ యంత్రము 6 డెసిబెల్లు అణచును. కుడి యంత్రమునకు ఆ దెబ్బ సంగతి తెలియదు. ఎడమవైపున డోలుతోపాటు గాయని గొంతు కూడ సగమగును. కుడివైపున గొంతు యథాతథముగా నుండును. ఫలితముగా దెబ్బ పడినప్పుడెల్లను గాయని కుడివైపునకు జరిగి, తిరిగి నడిమికి వచ్చును. 3 డెసిబెల్ల భేదమే చెవికి స్పష్టముగా తెలియును. 15 దాటినచో ధ్వని దాదాపు ఒక ప్రక్కకే చేరును. తాళమునకు తగినట్లు ఊగిసలాడు గాయనిని ఎవరు వినగలరు?

కావున జోడెడ్లకు కాడివలె రెండు యంత్రములకును ఒకే నియంత్రణ వోల్టేజి కావలెను. ఏ ప్రక్క మోత వచ్చినను రెండు ప్రక్కలును ఒకే కొలతతో, ఒకే క్షణమున తగ్గవలెను. చెప్పుటకిది సులభము. కాని ఒకే వోల్టేజి ఇచ్చినను రెండు వాల్వులు ఒకే కొలతతో తగ్గునను హామీ యేది?

ఈ కాలముననే ఫెయిర్‌చైల్డ్ 670 వచ్చెను. దీనిని రూపొందించిన రైన్ నార్మా ఎస్టోనియా దేశమునుండి అమెరికాకు వచ్చిన ఇంజనీరు. 1959 ప్రాంతమున ఫెయిర్‌చైల్డ్ రికార్డింగు సంస్థ దీనిని విపణికి తెచ్చెను. ఇరువది వాల్వులు, పదునొకండు ట్రాన్స్‌ఫార్మర్లు, సుమారు 30 కిలోల బరువు! ఇది సెకనులో అయిదువేలవ వంతులో శిఖరమును అందుకొనగలదు. విడుచు కాలమునకు ఆరు స్థానములు గలవు: మొదటిది సెకనులో మూడవ వంతుకు కొంచెము తక్కువ, అయిదవదియు, ఆరవదియు సంగీతమును బట్టి తమంతట తామే మారును. ఆరవ స్థానమున ఒంటరి శిఖరము తరువాత సెకనులో మూడు పదవ వంతులకే విడుచును. ఎడతెగని మోత తరువాత విడుచుటకు 25 సెకన్ల వరకు తీసికొనును.

అయితే నార్మా యంత్రమున నాకు మిక్కిలి ముచ్చటగా తోచునది ఒక చిన్న మీట. దానిని త్రిప్పినచో యంత్రము ఎడమ, కుడి అను భేదమును విడిచి, రెంటి మొత్తమునొక మార్గమునను, రెంటి భేదమును వేరొక మార్గమునను పట్టును. కారణము రికార్డు గాడిలో నున్నది. మొత్తము సూదిని ప్రక్కలకు కదుపును. భేదము సూదిని పైకి, క్రిందికి కదుపును. ప్రక్కకదలిక కొంత ఎక్కువైనను గాడి ఓర్చుకొనును. నిలువుకదలిక ఎక్కువైనచో చెక్కు సూది రికార్డును విడిచి పైకి లేచును, లేదా మరీ లోతునకు దిగును. ఇంటిలో వినువాని సూది గంతులు వేయును. కావున నిలువుకదలికకు వేరుగా కళ్లెము వేయుట అవసరమైనది. గాయని నడుమ నిలిచినచో ఆమె గొంతంతయు ‘మొత్తము’లోనే యుండును, దానిని ఎంత అణచినను ఆమె స్థానము చెదరదు. ఇది కాడి సమస్యకు పూర్తి పరిష్కారము కాదు, ఏలయనగా మొత్తమునకును భేదమునకును నిష్పత్తి మారినప్పుడు ప్రక్కల వాద్యములు కొంత దగ్గరకో, దూరమునకో జరుగును. అయినను రికార్డు చెక్కువారికి ఇది పెద్ద మేలు చేసినది. ఒంటి మార్గపు తమ్ముడైన 660 లండనులోని ఇ.ఎం.ఐ. స్టూడియోకు చేరెను. 1966లో ‘రివాల్వర్’ రికార్డు చేయునపుడు జెఫ్ ఎమెరిక్ అను యువ ఇంజనీరు బీటిల్స్ బృందపు డ్రమ్ముల ధ్వనిని దాని గుండా పంపెను. కాపలా కొరకు పుట్టిన యంత్రము అక్కడ వాద్యమైపోయినది.

వాల్వులకు బదులు వేరొకదానిని వాడిన ప్రయత్నములను త్వరగా చూతము. కాలిఫోర్నియాలోని పాసడీనాలో టెలిట్రానిక్స్ సంస్థకు చెందిన జేమ్స్ లారెన్స్ 1960 దశకము మొదట ఎల్.ఏ.-2ఏ అను యంత్రమును తెచ్చెను. ధ్వని హెచ్చినకొలది అందులో ఒక పలక వెలుగును. ఆ వెలుగు పడిన నిరోధము విలువ తగ్గి ధ్వనిని అణచును. వెలుగు ఆరినను ఆ నిరోధము తాను చూచిన వెలుగును వెంటనే మరువదు. సగము దూరము సెకనులో 6 వందవ వంతులలో తిరిగివచ్చును. మిగిలిన సగమునకు ఒక సెకను మొదలు 15 సెకన్ల వరకు పట్టును. గొంతునకు ఇది అమృతము వంటిది. కాని ఒక్కొక్క ఘటము ఒక్కొక్క తీరు. జతకు కుదురుట కష్టము. 1967లో బిల్ పుట్నమ్ తెచ్చిన 1176 ఒక విధమైన ట్రాన్సిస్టరును నిరోధముగా వాడి సెకనులో ఏబదివేలవ వంతులోనే అందుకొనెను. దానికి స్టీరియో కాడి కావలెనన్నచో వేరుగా ఒక చిన్న పెట్టె కొని, రెంటిని కలిపి, సమానముగా తగ్గునట్లు సరిదిద్దుకొనవలసి యుండెను.

కాడి నిజముగా కుదిరినది డేవిడ్ బ్లాక్‌మర్ చేతిలో. డి.బి.ఎక్స్. సంస్థను 1971లో స్థాపించిన ఈయన ట్రాన్సిస్టరులోని ఒక ప్రకృతి నియమమును ఆశ్రయించెను. ట్రాన్సిస్టరు ప్రవాహము పది రెట్లు పెరిగినప్పుడెల్లను దాని వోల్టేజి ఒకే కొలతతో, మామూలు వేడిమిలో సుమారు 60 మిల్లీవోల్టులు, పెరుగును. ఇది లాగరిథము పట్టికలోని సంబంధమే. లాగరిథములలో కూడిక చేసినచో అసలు సంఖ్యలలో గుణకారము జరుగును గదా! సంగీతమును లాగరిథముగా మార్చి, దానికి నియంత్రణ వోల్టేజిని కూడి, తిరిగి అసలు రూపమునకు తెచ్చినచో ఇన్ని మిల్లీవోల్టులకు ఇన్ని డెసిబెల్లని ఖచ్చితముగా లెక్క కట్టవచ్చును. వాల్వు వయస్సుతోను, దీపపు మరపుతోను పనిలేదు. ఎడమకును కుడికిని ఒకే వోల్టేజి ఇచ్చినచో రెండును ఒకే డెసిబెల్లు తగ్గును. పాత యంత్రములలో పెక్కింటివలె వెలువడిన ధ్వనిని కొలిచి తప్పు దిద్దుకొనుట కాక, లోనికి వచ్చు ధ్వనినే కొలిచి ముందుగనే నిర్ణయించు ధైర్యము కూడ ఈ ఖచ్చితత్వము వలననే కలిగినది. 1976లో వచ్చిన 160 అను యంత్రము ఈ పద్ధతిదే.

ఇంగ్లండులో కాలిన్ సాండర్స్ స్థాపించిన సాలిడ్ స్టేట్ లాజిక్ సంస్థ 1970 దశకము చివర తన ఎస్.ఎల్. 4000 మిక్సింగు బల్ల నడుమ ఇట్టి కంప్రెసరు నొకదానిని అమర్చెను. పాట అంతయు కలిసిన పిదప ఎడమ, కుడి రెండును దాని గుండా పోవును. రెంటికిని బొత్తాములు వేరువేరుగా లేవు, ఒకే వరుస. నిష్పత్తికి 2, 4, 10 అను మూడు స్థానములు. అందుకొను కాలమునకు 0.1 మొదలు 30 మిల్లీసెకన్ల వరకు ఆరు. విడుచు కాలమునకు 0.1, 0.3, 0.6, 1.2 సెకన్లు, ఆపై తనంతట తాను మారు స్థానమొకటి.

దీనిని అమర్చు విధము ఇది. గడప అనగా ఏ మట్టము దాటినచో యంత్రము పని మొదలుపెట్టునో ఆ మట్టము. నిష్పత్తి 4 అయినచో గడపను 8 డెసిబెల్లు దాటివచ్చిన ధ్వని 2 డెసిబెల్లు మాత్రమే దాటి వెలువడును. మొదట నిష్పత్తిని 10కి పెట్టి, గడపను బాగుగా దించి, యంత్రము చేయు పని మోటుగా వినబడునట్లు చేయుదురు. అప్పుడు అందుకొను కాలమును త్రిప్పుచు డోలు దెబ్బ మొన చెక్కుచెదరక బయటపడు స్థానమును పట్టుకొందురు. తరచుగా ఇది 10 లేక 30 మిల్లీసెకన్లు. నిమిషమునకు 120 దరువుల పాటలో దరువుకు అర సెకను. కావున విడుచు కాలము 0.3 పెట్టినచో తరువాతి దరువు లోపల మీటరు ముల్లు ఇంచుమించుగా స్వస్థానమునకు వచ్చును. కాలములు కుదిరిన పిమ్మట నిష్పత్తిని 2కో, 4కో దించి, మిక్కిలి బిగ్గర ఘట్టములలో ముల్లు 2 మొదలు 4 డెసిబెల్లు మాత్రమే కదలునట్లు గడపను పైకి తెత్తురు. చివర తగ్గినంత ధ్వనిని భర్తీ చేసి, యంత్రము ఉన్నప్పుడును లేనప్పుడును ఒకే బిగ్గరలో నుండునట్లు చూచి పోల్చుదురు. ఈ చివరి పని మరచినవారు తరచుగా మోసపోవుదురు, ఏలయనగా ఏది కొంచెము బిగ్గరగా నుండునో అదియే మేలుగా నున్నదని చెవి చెప్పును.

రెండు జాగ్రత్తలు గలవు. సంగీతపు శక్తిలో పెద్ద భాగము మంద్ర స్వరములలో నుండును, కాని చెవికి అవి అంత బిగ్గరగా తోచవు. అందుచే వినువానికి తెలియని మంద్ర నాదమొకటి గొంతును, తాళములను అణచివేయవచ్చును. కొలుచు మార్గములో మాత్రము 100 హెర్ట్‌జుల చుట్టుప్రక్కలకు దిగువనున్న స్వరములను వడగట్టినచో ఈ బాధ తగ్గును. రెండవది కాడికి సంబంధించినది. ఎడమ, కుడి రెంటిని ముందుగా కూడి కొలిచినచో, ఎదురు దిశలలో నడచు ధ్వనులు ఒకదానినొకటి రద్దు చేసికొని యంత్రమునకు కనబడకపోవును. వేరువేరుగా కొలిచి, పెద్దదానినే ఇరువురకు వర్తింపజేయుట క్షేమము.

కాడి కుదిరిన పిదప దుర్వినియోగమును మొదలైనది. 1982లో కాంపాక్టు డిస్కు వచ్చి 96 డెసిబెల్ల పరిధిని ఇచ్చెను. మడతతో అవసరమే తగ్గినదని అనుకొనవలసిన వేళ, ప్రక్కవాని పాటకంటె తన పాట బిగ్గరగా నుండవలెనను పోటీలో 1990 దశకమునుండి మడతలు మరింత పెరిగినవి. 2008లో మెటాలికా బృందపు ‘డెత్ మాగ్నెటిక్’ వెలువడగా, అవే పాటలు ఒక వీడియో ఆటలో తక్కువ అణచివేతతో వినబడుట గమనించి, మరల మిక్సు చేయుడని శ్రోతలే విన్నపము పెట్టిరి. 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సమాఖ్య బిగ్గరను కొలుచు పద్ధతిని నిర్ణయించెను. 2010లో ఐరోపా ప్రసార సంఘము కార్యక్రమములన్నియు ఆ కొలతలో ఒకే మట్టమున నుండవలెనని సిఫారసు చేసెను. ప్రకటనల మోతను అరికట్టు అమెరికా చట్టము అదే సంవత్సరము ఆమోదము పొంది 2012లో అమలునకు వచ్చెను. అట్టి మట్టము పాటించబడుచోట్ల అతిగా అణచిన పాట వెనుకకు దించబడును. అణచి సంపాదించిన బిగ్గర పోయి, అణగిన రూపము మాత్రము మిగులును.

670 వంటి పాత యంత్రములు నేటికిని కొన్ని స్టూడియోలలో పనిచేయుచున్నవి. వాటిలోని 6386 వాల్వుల తొలినాటి తయారీ ఎన్నడో నిలిచిపోయినందున సరిజోడు దొరకుట కష్టము. జోడు కుదిరినదో లేదో చూచుటకు ఒక సులువైన పరీక్ష గలదు. ఒకే స్వరమును ఎడమకు, కుడికి సమానముగా పంపి, కాడి వేసి, రెంటిని సుమారు 5 డెసిబెల్లు అణగునట్లు చేయవలెను. వెలువడిన రెంటిలో ఒకదానిని తలక్రిందులు చేసి రెండవదానితో కలుపవలెను. రెండు ప్రక్కలును నిజముగా ఒకే తీరున లొంగుచున్నచో స్పీకరులో నిశ్శబ్దమే వినబడును. స్వరము వినబడుచున్నచో, అది నిలిచిపోవు వరకు స్క్రూడ్రైవరుతో సమతౌల్యమును సరిదిద్దవలెను. తరువాత 10 డెసిబెల్లు అణచి మరల చూడవలెను. ఒక మట్టమున కుదిరిన జోడు వేరొక మట్టమున తప్పుట తరచుగా జరుగును.